ఎంత గట్టిగా అంటున్నాం? ఇంగ్లిష్‌లో అభిప్రాయాల మాటలు

1951 మార్చిలో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ నుంచి ఒక అంచనా నివేదిక వెలువడింది. ఆ ఏడాది యుగోస్లావియా మీద సోవియట్ కూటమి దాడి చేయడాన్ని "సీరియస్ పాసిబిలిటీ"గా భావించాలని అందులో ఉంది. తర్వాత కొద్ది రోజులకు విదేశాంగ శాఖ అధికారి ఒకరు ఆ పనిలో పాలుపంచుకున్న షెర్మన్ కెంట్‌ను ఒక మాట అడిగారు. అసలు ఆ రెండు పదాలకు అర్థం ఏమిటి, దాడి జరిగే అవకాశం ఎంత అని. తన లెక్కలో నూటికి 65 పాళ్లు అని కెంట్ చెప్పారు. అధికారి ఉలిక్కిపడ్డారు. ఆయనా, ఆయన తోటివాళ్లూ ఆ మాట చదివి అంతకంటే చాలా తక్కువ అనుకున్నారు. కెంట్‌కు అనుమానం వచ్చి తన సహచరులనే విడివిడిగా అడిగి చూశారు. కలిసి కూర్చుని ఆ వాక్యాన్ని ఖాయం చేసినవాళ్లలోనే ఒకరి మనసులో 20 శాతం ఉంది, ఇంకొకరి మనసులో 80 శాతం ఉంది.

వీళ్లంతా పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు, పైగా మాటలు తూచి రాయడమే వృత్తిగా ఉన్నవాళ్లు. కెంట్ ఈ సంగతిని వదిలిపెట్టలేదు. 1964లో రాసిన వ్యాసంలో ఒక్కో మాటకు ఒక్కో అంకె కేటాయించాలని ప్రతిపాదించారు. "ఆల్మోస్ట్ సర్టెన్" అంటే 93 శాతం, ఓ ఆరు అటూ ఇటూ. "ప్రాబబుల్" అంటే 75, పన్నెండు అటూ ఇటూ. "ప్రాబబ్లీ నాట్" అంటే 30, పది అటూ ఇటూ. భాషను ఇలా అంకెల్లో బిగించడం ఏమిటని అభ్యంతరం చెప్పినవాళ్లు అప్పుడే ఉన్నారు. అయినా ఆయన పట్టుకున్న సమస్య నిజమైనది. అభిప్రాయం చెప్పే ప్రతి ఇంగ్లిష్ మాటా లోపల ఒక కొలతను మోస్తుంది. చెప్పేవారికి ఎంత నమ్మకం ఉంది, వినేవారు కాదనడానికి ఎంత జాగా వదిలారు అన్నవి రెండూ ఆ కొలతలో ఉంటాయి. "థింక్, బిలీవ్, ఫీల్, సపోజ్" అన్నింటికీ ఎదురుగా "అనుకొను, భావించు" అని రాసుకుని బట్టీ పట్టినవారికి అందకుండా పోయేది ఈ కొలతే.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. మన భాషలో ఈ పని క్రియ చివర జరిగిపోతుంది. వస్తాడు, వస్తాడేమో, వస్తాడనుకుంటా, వస్తాడట, వస్తాడులే, వస్తాడుగా. ఒక్క క్రియకే ఇన్ని పాళ్ల నమ్మకం, ఇన్ని రకాల బాధ్యత. "వస్తాడట" అన్న మనిషి ఆ కబురుకు పూచీ తనది కాదని ఒక్క అక్షరంతో చెప్పేశాడు. ఇంగ్లిష్ క్రియకు ఇలాంటి తోకలు లేవు. అందుకే ఆ పనికి విడి మాటలు కావాలి. "ఏమో"కు "మైట్" లేదా "పర్హాప్స్", "అట"కు "అపారెంట్లీ" లేదా "ఐ హియర్". "సపోజెడ్లీ" కూడా "అట" దగ్గరిదే గాని అందులో అపనమ్మకం పాలు ఎక్కువ. తెలుగులో ఇంత సూక్ష్మంగా మాట్లాడే మనిషి ఇంగ్లిష్‌లోకి వెళ్లగానే మొరటుగా వినిపించడానికి సగం కారణం ఇదే. తోకలు ఇక్కడే వదిలేసి వెళతాం, వాటి బదులు వాడాల్సిన మాటలను మాత్రం వెంట తీసుకెళ్లం.

అన్నింటికన్నా ఎక్కువగా వాడే "ఐ థింక్" దగ్గరే తీసుకుంటే, అది వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడాలి. మొదట్లో వస్తే మామూలుగా అభిప్రాయం. "హీ లివ్స్ నియర్‌బై, ఐ థింక్" అని చివర్లో, గొంతు తగ్గించి అంటే అది అభిప్రాయం కూడా కాదు, మన "ఏమో". ఇక "అనుకుంటున్నాను" అనే రూపం చూసి చాలామంది "ఐ యామ్ థింకింగ్ దట్ హీ ఈజ్ రైట్" అంటారు. ఇంగ్లిష్ చెవికి "ఐ యామ్ థింకింగ్" అంటే ఆలోచన ఇంకా నడుస్తోందని అర్థం. ఉద్యోగం మారాలని ఆలోచిస్తున్నప్పుడు "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ చేంజింగ్ జాబ్స్" సరిగ్గా సరిపోతుంది. ఖాయమైన అభిప్రాయానికి మాత్రం "ఐ థింక్" అనే తీరాలి. "బిలీవ్", "అగ్రీ", "ప్రిఫర్", "డౌట్" వంటి క్రియలదీ ఇదే దారి. "ఐ యామ్ బిలీవింగ్", "ఐ యామ్ అగ్రీ" రెండూ పొరపాట్లే.

కాదనే మాట ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. తెలుగులో "అది సరైనది కాదనుకుంటున్నాను" అంటాం. "కాదు" అసలు విషయానికి అంటుకుంటుంది, "అనుకోవడం" మామూలుగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ "నాట్" ముందుకు జరిగి "థింక్"ను పట్టుకుంటుంది. "ఐ డోంట్ థింక్ ఇట్స్ రైట్." భాషాశాస్త్రవేత్తలు దీన్ని "నెగెటివ్ రైజింగ్" అంటారు. "ఐ థింక్ ఇట్స్ నాట్ రైట్" వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు. కానీ వినేవారికి ఎదురు దెబ్బలా తగులుతుంది, ఎవరో అవునన్నదాన్ని పనిగట్టుకుని కొట్టిపడేసినట్టు ఉంటుంది. మీటింగ్‌లో పై అధికారితో విభేదించాల్సి వచ్చినప్పుడు ఈ చిన్న జరుగుబాటు చేసే మేలు "ప్లీజ్", "సర్" చేయలేవు. "హోప్" మాత్రం ఈ దారిలో నడవదు. అక్కడ "ఐ హోప్ నాట్" అనాలి గాని "ఐ డోంట్ హోప్" కుదరదు.

"అకార్డింగ్ టు మీ" గురించి గట్టిగానే చెప్పాలి. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో, గ్రూప్ డిస్కషన్లలో మనవాళ్ల నోట ఇంతగా వినపడే మాట మరొకటి ఉండదేమో. "నా ప్రకారం" అన్నదాని నీడ అది. ఇంగ్లిష్‌లో "అకార్డింగ్ టు" అంటే తనది కాని ఆధారాన్ని చూపడం. అకార్డింగ్ టు ద రిపోర్ట్, అకార్డింగ్ టు ద డాక్టర్. మనల్ని మనమే ఆధారంగా చూపించుకుంటే వాక్యం విచిత్రంగా తయారవుతుంది. దాని చోట "ఇన్ మై ఒపీనియన్", "యాజ్ ఐ సీ ఇట్", "టు మై మైండ్" ఏదైనా నప్పుతుంది. "ఇఫ్ యూ ఆస్క్ మీ" కూడా ఉంది గాని అది స్నేహితుల మధ్య నిక్కచ్చిగా అనే మాట, ఆఫీసు మెయిల్లో పనికిరాదు. "ఇన్ మై ఒపీనియన్, ఐ థింక్" అని రెండూ కలిపితే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు.

"గెస్" అమెరికాలో ఎక్కువ, "రెకన్" బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎక్కువ, అంతకుమించి వాటితో పేచీ లేదు. "సపోజ్"తో ఉంది. "ఐ సపోజ్ యూ ఆర్ రైట్" అన్న మనిషి ఒప్పుకున్నాడు, కానీ మనస్ఫూర్తిగా కాదు. మెచ్చుకోలుగా అందామని ఈ మాట వాడితే ఎదుటివారు చిన్నబుచ్చుకుంటారు.

అర్థం ఏకంగా తలకిందులయ్యేది "డౌట్" దగ్గర. తెలుగులో కలిసిపోయిన ఈ మాటను మనం "వాడే తీశాడని నాకు డౌట్" అని వాడతాం. అంటే వాడే తీసి ఉంటాడని అనుమానం. ఇంగ్లిష్‌లో "ఐ డౌట్ దట్ హీ టుక్ ఇట్" అంటే వాడు తీసి ఉండడని. మన అనుమానానికి సరైన మాట "సస్పెక్ట్". "ఐ సస్పెక్ట్" అవును వైపు మొగ్గుతుంది, "ఐ డౌట్" కాదు వైపు మొగ్గుతుంది. ఒక ఫిర్యాదులోనో, ఆఫీసు విచారణలోనో ఈ రెండూ తారుమారైతే ఒక మనిషి మీద నింద పడవచ్చు, పడాల్సినది తొలగిపోనూ వచ్చు. క్లాసులో "ఐ హావ్ ఎ డౌట్" అని చెయ్యెత్తడం మన దేశమంతటా ఉన్న అలవాటు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది కాబట్టి దాన్ని తప్పని వెక్కిరించనక్కర్లేదు. బయటివాళ్లకు మాత్రం చెబుతున్నది నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది. అడగాల్సింది ప్రశ్న అయితే "ఐ హావ్ ఎ క్వెశ్చన్" అంటే చాలు.

అభిప్రాయం ఏర్పడే దశకు వస్తే, ముందు తెలుసుకోవాల్సింది "ఒపీనియన్" పక్కన ఏ క్రియలు నిలుస్తాయన్నది. ఒపీనియన్‌ను "ఫామ్" చేస్తారు, "హోల్డ్" చేస్తారు, "ఎక్స్‌ప్రెస్" లేదా "వాయిస్" చేస్తారు. "మేక్" చేయరు, "టెల్" చేయడం కూడా అరుదే. ఆలోచనను తూకంగా చూసే అలవాటు ఈ భాషలో లోతుగా ఉంది. "వెయ్ అప్" అంటే నేరుగా తూచడమే. "పాండర్" వెనుక లాటిన్‌లో బరువు ఉంది, "డెలిబరేట్" వెనుక త్రాసు ఉంది. తూచకముందే తీర్పు ఇస్తే "ప్రెజుడిస్", ఆ మాటకు మూలార్థమే ముందుగా ఇచ్చిన తీర్పు. ఆధారం లేకుండా ఒకటి నిజమని పెట్టుకుని సాగిపోతే "అజ్యూమ్". కొంత ఆధారంతోనో, వేరేలా రుజువయ్యేవరకో అలా అనుకుంటే "ప్రిజ్యూమ్". నేరం రుజువయ్యేవరకు నిందితుడు "ప్రిజ్యూమ్డ్ ఇన్నొసెంట్" అనేది ఈ రెండో అర్థంలోనే. ఉన్నదాన్ని బట్టి లేనిదాన్ని ఊహించి తేల్చుకోవడం "ఇన్‌ఫర్". తొందరపడి తేల్చేస్తే "జంప్ టు కన్‌క్లూజన్స్". ఇంకో జాగ్రత్త: "ఒపీనియనేటెడ్" అంటే అభిప్రాయాలు ఉన్న మనిషి కాదు, తన మాటే చెల్లాలని వాదించే మనిషి. రెజ్యూమేలో గుణంగా రాసుకోదగిన మాట కాదు.

అభిప్రాయాలను మాటలే తయారుచేస్తాయని చూపించిన ప్రయోగం ఒకటి సర్వేల చరిత్రలో బాగా పేరుపడింది. అమెరికాలో డొనాల్డ్ రగ్ 1941లో దాన్ని ప్రచురించారు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలు చేయడాన్ని "అలౌ" చేయాలా అని కొందరిని, "ఫర్బిడ్" చేయాలా అని మరికొందరిని అడిగారు. అనుమతించకపోవడం, నిషేధించడం తర్కంలో ఒక్కటే. అయినా అనుమతించకూడదన్నవారు 62 శాతం, నిషేధించాలన్నవారు 46 శాతమే. "ఫర్బిడ్" అన్న మాట కరుకుదనమే ఈ తేడాకు కారణమై ఉండాలి. 1970ల్లో హోవర్డ్ షుమన్, స్టాన్లీ ప్రెసర్ ఇలాంటి ప్రశ్నలతో మళ్లీ పరీక్షించినప్పుడు కూడా ఆ తేడా కనిపించింది. సర్వే ఫలితం చదివేటప్పుడు శాతం కన్నా ముందు ప్రశ్నలోని క్రియను చూడాలనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇతరుల అభిప్రాయాన్ని మనం చెప్పేటప్పుడు క్రియ ఇంకా ఎక్కువ పని చేస్తుంది, ఇంకా ఎక్కువ హానీ చేస్తుంది. ఒక డాక్టర్ ఈ మందు పనిచేస్తుందని అన్నారు అనుకుందాం. "సెడ్" అని రాస్తే రాసేవాడు ఎటూ మొగ్గలేదు. "క్లెయిమ్డ్" అంటే అంటున్నారు గాని రుజువు లేదు అనే ధ్వని చేరుతుంది. "పాయింటెడ్ అవుట్" అంటే అది నిజమని రాసేవాడు కూడా ఒప్పేసుకున్నాడు. "ఇన్‌సిస్టెడ్", "మెయిన్‌టెయిన్డ్" అంటే ఎవరో కాదన్నారు, అయినా ఈయన పట్టు వదల్లేదు. "అడ్మిటెడ్" అంటే చెప్పడం ఇష్టం లేని నిజం బయటపెట్టారు. "కన్సీడెడ్" అంటే వాదనలో అవతలివారికి ఒక అంశం వదులుకున్నారు. "ఆర్గ్యూడ్" అంటే పోట్లాడారని కాదు, కారణాలు చూపి వాదించారని. డాక్టర్ నోటి మాట ఒక్కటే, పాఠకుడికి చేరేవి ఏడు వేర్వేరు సంగతులు. మన ఇంగ్లిష్ వార్తల్లో "క్లెయిమ్డ్"ను వట్టి "అన్నారు"గా వాడేయడం మామూలైపోయింది. అది తప్పుడు అలవాటని ఒప్పుకోవాలి. చెప్పిన మనిషి మీద, ఆ మనిషికి తెలియకుండానే, అనుమానం వేసే పని అది.

ఒప్పుకోవడంలో "అగ్రీ" పక్కన వచ్చే ప్రిపొజిషన్లు చూసుకుంటే సరిపోతుంది. మనిషితో, అభిప్రాయంతో "అగ్రీ విత్". ప్రతిపాదనకు "అగ్రీ టు". చర్చించి తేల్చుకున్న విషయం మీద "అగ్రీ ఆన్". విభేదించడం కష్టమైన కళ. "ఐ డిసగ్రీ" అని ఊరుకుంటే చాలా గట్టి మాట. బ్రిటిష్‌వాళ్లు "ఐ యామ్ నాట్ సో ష్యూర్ అబౌట్ దట్" అంటే అది చాలాసార్లు సందేహం కాదు, మర్యాదగా కాదనడం. "విత్ రెస్పెక్ట్" అని మొదలుపెడితే రాబోయేది కచ్చితంగా వ్యతిరేకతే. "ఐ టేక్ యువర్ పాయింట్, బట్" అన్నది మాత్రం నిజంగా ఉపయోగపడే మాట. ఎదుటివారి మాట విన్నామని ముందు చెప్పి, ఆ తర్వాత మన మాటకు చోటు చేసుకుంటుంది. తన అభిప్రాయం కాకపోయినా చర్చ గట్టిపడాలని ఎదురు వాదించేవారిని "డెవిల్స్ అడ్వకేట్" అంటారు. ఇది ఒకప్పుడు నిజమైన పదవి. ఒకరిని పునీతులుగా ప్రకటించే ముందు వారికి వ్యతిరేకంగా వాదించే అధికారిని కాథలిక్ చర్చి 1587లో నియమించింది, 1983లో ఆ పాత్రను బాగా తగ్గించింది. "లెట్ మీ ప్లే డెవిల్స్ అడ్వకేట్" అని ముందే చెప్పి వాదిస్తే వాదన మనిషి మీదకు పోదు.

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష రాసేవారికి ఇది మార్కుల సంగతి కూడా. రెండో రైటింగ్ టాస్క్‌లో తరచూ వచ్చే ప్రశ్న "టు వాట్ ఎక్స్‌టెంట్ డూ యూ అగ్రీ ఆర్ డిసగ్రీ" అని ఉంటుంది. అందులో అడుగుతున్నది అవునా కాదా అని కాదు, ఎంతవరకు అని. "లార్జ్లీ అగ్రీ", "అగ్రీ ఓన్లీ అప్ టు ఎ పాయింట్", "స్ట్రాంగ్లీ డిసగ్రీ" లాంటి మాటల్లో ఒకటి ఎంచుకుని కనీసం 250 పదాల వ్యాసమంతా ఆ కొలతకే కట్టుబడి ఉండాలి. మొదట "కంప్లీట్లీ అగ్రీ" అని, నాలుగో పేరాలో "బోత్ సైడ్స్ ఆర్ ఈక్వల్లీ రైట్" అని తేల్చితే వ్యాకరణం ఎంత బాగున్నా అభిప్రాయం నిలకడగా లేదని తెలిసిపోతుంది.

అభిప్రాయం మారడం గురించిన మాటల్లో ఇంగ్లిష్ సమాజం గుణం బాగా కనపడుతుంది. "చేంజ్ వన్స్ మైండ్" మామూలు మాట, నిర్ణయానికీ అభిప్రాయానికీ రెండింటికీ చెల్లుతుంది. "సెకండ్ థాట్స్" అంటే ఇంకా మారలేదు, సందేహం మొదలైంది. "ఇన్ టూ మైండ్స్" అంటే ఎటూ తేలని స్థితి, అమెరికాలో దాన్నే "ఆఫ్ టూ మైండ్స్" అంటారు. "రీకన్సిడర్" అంటే మళ్లీ ఆలోచిస్తానన్నమాటే గాని మార్చుకుంటానన్న హామీ కాదు. కంపెనీ నుంచి "వీ విల్ రీకన్సిడర్" అని మెయిల్ వస్తే ఆశ పెట్టుకోవచ్చు, పని అయిపోయిందని సంబరపడకూడదు.

ఎందుకు మారారన్నది మిగతా మాటలు చెబుతాయి. వాదన నచ్చి మెల్లగా ఒప్పుకుంటే "కమ్ రౌండ్ టు". మనిషో ఆలోచనో క్రమంగా నచ్చడం మొదలైతే "వార్మ్ టు". నచ్చకపోయినా ఒత్తిడికి లొంగితే "గివ్ ఇన్". గొడవ నుంచి వెనక్కి తగ్గితే "బ్యాక్ డౌన్". భయంతోనో బలవంతంతోనో బహిరంగంగా తన నమ్మకాన్ని కాదంటే "రికాంట్", 1633లో గెలీలియోతో రోమ్‌లో చేయించింది అదే. "కన్విన్స్", "పర్సుయేడ్" మధ్య పాత తేడా కూడా ఇక్కడిదే. ఆలోచన మారేలా చేస్తే మొదటిది, పని చేసేలా ఒప్పిస్తే రెండోది. ఈ రోజుల్లో రెండూ కలిసిపోతున్నా రాతలో ఆ తేడా పాటిస్తే వాక్యానికి స్పష్టత వస్తుంది.

రాజకీయాల్లో మాత్రం మారిన మనిషికి గౌరవమైన మాట దొరకడం కష్టం. "యూ-టర్న్", "ఫ్లిప్-ఫ్లాప్", "క్లైమ్ డౌన్", "బ్యాక్-పెడల్" అన్నీ నిందలే. 1980 అక్టోబరులో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ తన పార్టీ సభలో తాను మలుపు తిరిగే మనిషిని కానని ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నారు. 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జాన్ కెర్రీ ఒక బిల్లుకు ముందు అనుకూలంగా ఓటేసి తర్వాత వ్యతిరేకంగా ఓటేశానన్న మాటను ప్రత్యర్థులు పట్టుకుని, ఆయన్ని ప్రచారమంతా "ఫ్లిప్-ఫ్లాపర్" అన్నారు. మారనివారికేమో రెండు రకాల మాటలూ ఉన్నాయి. నచ్చితే "ప్రిన్సిపుల్డ్", నచ్చకపోతే "స్టబర్న్". కొత్త సమాచారం వచ్చి మారినవారిని కూడా ఓడిపోయినవారిగానే చూపించే పదసంపద ఏ భాషకైనా లోటే.

ఆ లోటును కొంత పూడ్చినది గణాంకశాస్త్రం నుంచి వచ్చిన "అప్‌డేట్". ఇంగ్లండ్ గణితవేత్త థామస్ బేస్ చనిపోయాక 1763లో అచ్చయిన వ్యాసం నుంచి ఎదిగిన పద్ధతి ప్రకారం, కొత్త ఆధారం దొరికినప్పుడల్లా పాత నమ్మకాన్ని తగినంత మేర సవరించుకోవాలి. "ఐ హావ్ అప్‌డేటెడ్ మై వ్యూ" అంటే ఓటమి లేదు, సిగ్గు లేదు, పూర్తిగా అటు నుంచి ఇటు దూకనక్కర్లేదు కూడా. 50 నుంచి 70కి రావడం కూడా మార్పే.

బహిరంగంగా, ఏళ్ల తరబడి ఇలా మారిన అభిప్రాయాన్ని చూడాలంటే ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ నివేదికలు తెరవాలి. భూమి వేడెక్కడంలో మనిషి పాత్ర గురించి 1995లో "బ్యాలన్స్ ఆఫ్ ఎవిడెన్స్ సజెస్ట్స్" అన్నారు. ఆధారాలు అటు మొగ్గుతున్నాయన్నంత వరకే. 2001లో "లైక్లీ", 66 శాతం పైన. 2007లో "వెరీ లైక్లీ", 90 పైన. 2013లో "ఎక్స్‌ట్రీమ్లీ లైక్లీ", 95 పైన. 2021లో మనిషి ప్రభావం గాలినీ సముద్రాన్నీ నేలనూ వేడెక్కించిందన్నది "అన్‌ఈక్వివోకల్" అని రాశారు, అంటే ఇక సందిగ్ధం లేదని. ఆ మాటను నివేదిక అంతటికీ పూయలేదు. ఆధారాలు ఇంకా సరిపోని అంశాల దగ్గర "లైక్లీ", "మీడియం కాన్ఫిడెన్స్", "లో కాన్ఫిడెన్స్" అదే నివేదికలో అలాగే ఉన్నాయి.